దానఫల నిర్ణయం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

దానమిచ్చినట్టి ధన్యాత్ములైనను
కొత్త పన్ను దారి కోరుకొనిన
పైస మినహయింపు బడయంగ లేరయా
డెబ్బదైదు వేలె ఠీవి మిగులు

అవతారిక: 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. అక్కణ్ణుంచి దిగిన నీరు కొల్లేటికి చేరి లంకల దారులను కూడా పట్టుకుంది. అప్పుడు ముఖ్యమంత్రి సహాయనిధికి తోచింది పంపిన ఏలూరు మాస్టారొకాయన, మరుసటేడు రిటర్ను వేయించడానికి ఆడిటర్ గారి గడప తొక్కారనుకోండి. ప్లాస్టిక్ కవర్లోంచి రసీదు తీసి, మడత సరిచేసి, బల్ల మీద పెట్టారు. ఆడిటర్ గారు దానివంక చూడకుండానే, "కొత్తదా, పాతదా మాస్టారూ?" అన్నారు. ఆ ప్రశ్నలోంచి పుట్టిన పద్యమిది. కవి పేరు లేదు గాని, పింఛను తీసుకునేవాడేనని నాలుగో పాదం పట్టిస్తోంది.

ప్రతిపదార్థం:

దానము ఇచ్చినట్టి = ఇక్కడ టీకాకారుడు కాస్త ఆగాలి. లోకం దానమన్నదల్లా చట్టానికి దానం కాదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల బస్తాలు కొని, వ్యానెక్కించి, ఆ పైన పడవలో లంక గ్రామానికి చేర్చినా అది వస్తుదానం; ఆదాయపన్ను చట్టం 80జీ సెక్షన్ కింద చెల్లదు. చెల్లేది డబ్బే. ఆ డబ్బయినా నోట్ల రూపంలో 2,000 దాటితే చెల్లదు. 2017కు ముందు ఈ హద్దు 10,000గా ఉండేది. ద్వారకా తిరుమల హుండీలో వేసింది చినవెంకన్నకు తెలుస్తుంది, ఆదాయపన్ను శాఖకు తెలియదు. సహాయనిధికి చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో పంపినదానికి నూటికి నూరూ మినహాయింపు. మామూలు ట్రస్టుకిస్తే సాధారణంగా సగానికే, అదీ ఆదాయంలో పది శాతం హద్దుకు లోబడి. పైగా ఆ ట్రస్టువారు మే 31లోగా 10బీడీ దాఖలు చేసి, మనకు 10బీఈ ధ్రువపత్రం ఇచ్చి ఉండాలి. కర్ణుడికి ఇన్ని ఫారాలు లేవు.

ధన్యాత్ములు ఐనను = పై పరీక్షలన్నీ నెగ్గినవారు సైతం.

కొత్త పన్ను దారి = 115బీఏసీ సెక్షన్. 2023-24 నుంచి మనం ఏమీ కోరకపోయినా మన నెత్తిన పడేది ఇదే. పాతది కావాలంటేనే నోరు తెరిచి అడగాలి. కాబట్టి "కోరుకొనిన" అన్న మాట నిజానికి అతకదు. యతి కోసం పెట్టాడని సరిపెట్టుకోవాలి.

పైస మినహయింపు = "మినహాయింపు"లో దీర్ఘం ఎక్కడికి పోయిందని ఛాందసులు అడుగుతారు. మినహాయింపే పోయాక దీర్ఘం పోతే ఏం?

డెబ్బదైదు వేలె = స్టాండర్డ్ డిడక్షన్. ఇది ఒకప్పుడుండి, పోయి, 2018లో 40,000గా తిరిగొచ్చి, మరుసటేడు 50,000 అయి, 2024 జులై బడ్జెట్లో కొత్త దారివారికి మాత్రం 75,000 అయింది. పింఛను కూడా చట్టం లెక్కలో జీతమే గనుక రిటైరైన మాస్టారికీ వర్తిస్తుంది.

ఠీవి = రసీదులు చూపించే పని లేకుండా వచ్చేది.

తాత్పర్యం: సుబోధకం.

ఆక్షేపం: అయితే దాతకు అన్యాయం జరిగినట్టేగా? సమాధానం: లెక్క వేసి చూడు నాయనా. మాస్టారి పింఛను నెలకు 55,000. ఏడాదికి 6,60,000. వయసు అరవై దాటి ఎనభై లోపు. 2024-25కు పాత దారిలో వెళితే, 50,000 తీసేశాక, వేరే పొదుపులేవీ లేకపోతే, సెస్సుతో కలిపి పన్ను 33,280. సహాయనిధికిచ్చిన పదివేల రసీదు చూపిస్తే 31,200. అంటే పదివేల దానానికి ఫలం 2,080 రూపాయలు. కొత్త దారిలో 75,000 తీసేస్తే మిగిలేది 5,85,000. ఏడు లక్షల లోపు గనుక అసలు పన్నే లేదు. రసీదు కవర్లోనే ఉండిపోయినా మాస్టారికి నష్టం లేదు. 2025-26 నుంచి ఆ ఏడు లక్షలు పన్నెండయ్యాయి గనుక చాలామంది పింఛనుదారులకు ఈ వాదమే అక్కర్లేదు. ఆడిటర్ గారు రసీదువంక ఎందుకు చూడలేదో ఇప్పుడు తెలిసిందిగా. నా మటుకు, నిష్కామదానాన్ని ఇన్ని ప్రవచనాలు సాధించలేకపోయాయి, ఒక్క ఫైనాన్స్ బిల్లు సాధించిందంటాను.

విశేషం: పింఛను, బ్యాంకు వడ్డీ తప్ప మరేమీ లేనివారు ఏటా దారి మార్చుకోవచ్చు, గడువులోగా రిటర్ను వేస్తే చాలు. కొల్లేటి పక్కన సొంతంగా చేపల చెరువు నడిపే పింఛనుదారు మాత్రం జాగ్రత్త పడాలి. చేపల పెంపకం ఈ చట్టానికి వ్యవసాయం కాదు, వ్యాపారం. వ్యాపారమున్నవాడు పాత దారి పట్టి మళ్లీ కొత్తదానికి వస్తే, ఆ వ్యాపారం ఉన్నన్నాళ్లూ మళ్లీ పాతదానికి వెళ్లలేడు.

2025లో వచ్చిన కొత్త ఆదాయపన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందులో 80జీ 133వ సెక్షన్ అయింది, 115బీఏసీ 202 అయింది. పద్యంలో సెక్షన్ నంబర్లు వాడకపోవడం కవి ముందుచూపు.

అలంకారం: వ్యాజస్తుతి. "ఠీవి" అన్న చోట పొగుడుతున్నట్టుంటుంది గాని, ఆ "వేలె"లోని ఎత్వం దగ్గర మూలుగు వినిపిస్తుంది.

పాఠాంతరం: మాస్టారి తదనంతరం పింఛను మాస్టారి భార్యకు వస్తుంది. అదే ఖజానా, అదే సర్వీసు. కాని ఆయన చేతిలో జీతమైనది ఆవిడ చేతికి రాగానే "ఇతర ఆదాయం" కిందికి పోతుంది. అప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. వచ్చిన కుటుంబ పింఛనులో మూడో వంతు గాని, 25,000 గాని, ఏది తక్కువైతే అది తీస్తారు. పాత దారిలో అదీ 15,000 మాత్రమే. పన్నెండు లక్షల పుణ్యమా అని ఆవిడకూ పన్ను పడకపోవచ్చు. అయినా ఈ తేడాకు ఒప్పుకోదగ్గ కారణం నాకింతవరకూ కనబడలేదు. అందుచేత కుటుంబ పింఛనుదారుల ఇళ్లలో నాలుగో పాదాన్ని ఇలా చదువుకోవాలి:

ఇరువదైదు వేలె యింతికబ్బు

ఇంతికి + అబ్బు = ఇంతికబ్బు. సంధి కుదిరింది, యతి చెల్లింది, గణాలు సరిపోయాయి. తగ్గింది యాభై వేలే.