దొడ్డికి గచ్చు

జాన్ కాన్‌స్టబుల్ గీసిన ‘ది హే వేన్’ చిత్రాన్ని నేను చాలాకాలం తప్పుగా చూశాను. ఆ తప్పు నాతోనే ఆగిపోతే బాగుండేది. దాన్ని చూసి మా ఇంటి దొడ్డిని దిద్దబోయాను.

ఇంగ్లండులో సఫోక్ ప్రాంతంలోని ఫ్లాట్‌ఫర్డ్. అక్కడి మర కాన్‌స్టబుల్ తండ్రిదే. బొమ్మలో ఎడమపక్క విల్లీ లాట్ అనే రైతు ఇల్లు, ముందు లోతులేని నీళ్లు, నీళ్లలో ఎర్రటి మెడపట్టీలు వేసిన గుర్రాలు, ఖాళీ గడ్డిబండి, ఒడ్డున కుక్క. దాని నకలు పటం కట్టించి హైదరాబాదులో మా హాల్లో పెట్టాను. ఎంత ప్రశాంతంగా ఉందో చూడండని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. పండక్కి ఊరెళ్తే మాత్రం దొడ్డిలో కాలు నిలిచేది కాదు. కుడితి వాసన, ఈగలు, తెల్లారకముందే ఎద్దుల మెడగంటలు. నాన్నను పోరి పోరి ఎద్దుల్ని అమ్మించాను. పాక పీకించి గచ్చు చేయించాను. బండిని విప్పి వంటచెరకు కింద ఇచ్చేశాం. పూలకుండీలు పెట్టించి, ఇప్పుడు బొమ్మలా ఉందని మురిసిపోయాను.

ఆ తర్వాత నాన్న మా ఇంటికి వచ్చారు. పటం ముందు నిలబడి, చెట్లూ మబ్బులూ వదిలేసి వేలు తిన్నగా చక్రం మీద పెట్టారు.

“ఎండలకి కర్ర ఎండి పట్టా వదులైనట్టుందిరా. నాననిస్తున్నాడు.”

వేలు కుడివైపుకి జరిపారు. “అదిగో, చేలో ఇంకో బండికి గడ్డి ఎత్తుతున్నారు. ఇదీ అక్కడికే పోతుంది.”

దూరాన పచ్చికలో తెల్లటి చుక్కల్లా మనుషులు. ఇన్నేళ్లలో ఒక్కసారీ నా కంటబడలేదు.

చక్రాలు నానడానికీ, గుర్రాల కాళ్లు చల్లబడడానికీ బండిని అలా నిలిపి ఉండొచ్చని ఈ చిత్రం గురించి రాసినవాళ్లూ అంటారని తర్వాత చదివాను. 1821లో రాయల్ అకాడమీలో పెట్టినప్పుడు దీని పేరు ‘ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం’. పని నడుమ కాసేపు ఆగిన పొద్దు అది. ఆరడుగుల పైచిలుకు వెడల్పున్న ఈ చిత్రాన్ని కాన్‌స్టబుల్ లండన్‌లో ఉండి గీశాడు. బండి కట్టు తప్పు పోకూడదని ఊరినుంచి దాని బొమ్మలు గీయించి తెప్పించుకున్నాడు. ధాన్యం ధరలు పడిపోయి, 1816లోనూ 1822లోనూ ఆ ప్రాంతపు కూలీలు తిరగబడ్డ రోజులవి. ఆ అలజడి చిత్రంలో లేదని తప్పుపట్టేవాళ్లున్నారు. నాకు ఆ నోరు లేదు. పనినైతే ఆయన దాచలేదు, చూడనిది నేను.

నాన్న ఆ రోజు మా బండి ఊసే ఎత్తలేదు. ఊళ్లో ఇప్పుడు గచ్చు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటారు. నాన్నా, మీ మోకాళ్ల నొప్పి చూడలేకే ఎద్దుల్ని అమ్మమన్నానని అప్పుడు చెప్పాను. అది అబద్ధం. దొడ్డి నా కంటికి ఇంపుగా లేదని అమ్మించాను.