ఓపికలేదీయము: నిస్త్రాణ వ్యాఖ్యా సహితము

మూలము:
"అబ్బా! ఓపిక లేదే. రేపు చూద్దాం."

అవతారిక: శనివారం, దీపాలు పెట్టేవేళ. వంటింట్లో సింకు దగ్గర కొళాయి వారాల తరబడి కారుతోంది. "ఏవండీ, ఆ వాషరు కాస్త మారుస్తారా?" అని ఇల్లాలు అడిగింది. ఒక కాలికి మేజోడుండగా, రెండో కాలిది ఊడి టీపాయ్ కిందకు చేరగా, సోఫాలో ఒరిగి ఉన్న గృహస్థు సెలవిచ్చిన మహావాక్యమిది. తెలుగువారి ఇళ్ళలో నిత్యపారాయణలో ఉన్న ఈ గ్రంథానికి ఇంతవరకూ ఒక్క టీకా వెలువడకపోవడం శోచనీయం. కోలాచలం మల్లినాథసూరి ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి కాళిదాసు కావ్యాలకు సంజీవని సమకూర్చాడు. మొదటి ప్రతిజ్ఞకు నేనూ కట్టుబడతాను. రెండోదానికి కట్టుబడితే ఈ వ్యాఖ్య ఇక్కడే ఆగిపోతుంది.

ప్రతిపదార్థము: అబ్బా = నిట్టూర్పుతో కూడిన మంగళాచరణము. అబ్బ అంటే తండ్రి కాబట్టి ఇది పితృస్మరణమని కొందరంటారు. కాదనలేం, వాక్యం వంశపారంపర్యంగా వచ్చిందే. ఓపిక = సత్తువ, సహనమున్ను; లేదు = రెండూ లేవు; ఏ = అడిగినది నువ్వే గనుక తప్పు నీదే అని సూచించు సంబోధన. 'నాకు' అన్న పదం మూలంలో లేదు, అధ్యాహారం చేసుకోవాలి. పైకి చెప్పకుండానే అర్థమయ్యేంత హక్కు ఆ పదానికి ఈ ఇంట్లో ఉంది.

పాఠాంతరము: తెలంగాణ ప్రతుల్లో "శాతనైతలేదు" అని ఉంది. ఈ పాఠంలో సత్తువ, సహనం అనే శ్లేష పోతుంది కానీ నిజాయితీ పెరుగుతుంది.

విశేషము: అలసట ఒక్కటే అనుకోవడం పామరుల పొరపాటు. భరతముని నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలు చెబుతూ శ్రమను వేరుగా, గ్లానిని వేరుగా, ఆలస్యాన్ని వేరుగా, నిద్రను వేరుగా పెట్టాడు. దూరం నడిచినా వ్యాయామం చేసినా కలిగేది శ్రమ. రోగం వల్ల, ఉపవాసం వల్ల వచ్చేది గ్లాని. ఆలస్యమంటే బస్సు రాకపోవడం కాదు, బద్ధకం. దానికి కారణాల్లో స్వభావం ఒకటి, కడుపునిండా తినడం ఒకటి. దీన్ని అభినయించే తీరు చెబుతూ ముని ఒక మెలిక పెట్టాడు: తిండి తప్ప మరే పనీ మొదలుపెట్టకుండా ఉండాలట! సరిగ్గా ఈ ఘట్టంలోనే వంటింట్లోంచి ఉల్లిపాయ పకోడీ వాసన వచ్చింది. నాయకుడి వెన్ను సోఫాకు రెండంగుళాల ఎడంగా నిటారయింది. లక్షణం లక్ష్యంతో ఇంత చక్కగా కుదిరిన చోటు ప్రబంధాల్లో కూడా అరుదు.

పూర్వపక్షము: నాయకుడు రోజంతా ఏసీ గదిలో కూర్చున్నాడు. బరువెత్తలేదు, మెట్లెక్కలేదు. అలసట ఎక్కడిది? నటన కాదా?

సమాధానము: కాదు. ఆయన పక్షాన సాక్ష్యం చెప్పడానికి సుశ్రుతుడే ఉన్నాడు. శ్రమ చేయకుండానే ఒంట్లో పెరిగే అలసటను, రొప్పు లేనిదాన్ని, ఇంద్రియాలను వాటి పని చేసుకోనివ్వనిదాన్ని ఆయన క్లమమన్నాడు. ఆఫీసు నుంచి వచ్చినవాడికి ఎదురుగా ఉన్న కొళాయి చప్పుడు వినబడకపోవడం క్లమలక్షణమే. అవతల ఇటలీలో ట్యూరిన్ నగరపు శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో వేలితో బరువు లాగించి అలుపు కొలిచే యంత్రం చేశాడు. తోటి అధ్యాపకుడు విద్యార్థులను పరీక్షించి వచ్చాక అతడి వేలి బలం తగ్గిపోవడం దాంతో గమనించాడు. బుర్ర అలిస్తే వేలూ అలుస్తుందని తేలింది. 1891లో 'అలసట' అనే పేరుతోనే పుస్తకం వేశాడు. అయితే ఆయన కాలానికి సెల్‌ఫోన్ లేదు. మన నాయకుడి కుడిచేతి బొటనవేలు ఆఫీసు నుంచి వచ్చినది మొదలు రీల్సు మీద పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. మహాప్రస్థానం దాకా తిరిగేట్టుంది. ఈ ఒక్క వేలికీ క్లమం ఎందుకు సోకదో ఏ శాస్త్రంలోనూ దొరకలేదు.

చికిత్స విషయంలో చరకుడు శ్రమహరాలు పది చెప్పాడు. ద్రాక్ష, ఖర్జూరం, రేగు, దానిమ్మ, చెరకు అందులోవే. షుగరు మాత్రలు వేసుకునే నాయకుడికి ఈ యోగం నిషిద్ధం కనుక కాఫీ పుచ్చుకుంటాడు. మేలుకున్నంతసేపూ మెదడులో అడెనోసిన్ పేరుకుని మత్తు తెస్తుంది. కెఫీన్ వెళ్ళి దాని కుర్చీలో తాను కూర్చుంటుంది. కుర్చీ దొరకని అడెనోసిన్ ఎక్కడికీ పోదు, గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది. అంచేత కాఫీతో అలసట వాయిదా పడుతుందే గానీ తీరదు.

ఇప్పుడు అసలు చిక్కు. శ్రోత అలసట మాటేమిటి? మూలంలో ఆమెకు ఒక్క అక్షరం కూడా లేదు. ఉపమూలం కోసం ఇల్లంతా వెతకగా "ఏం లేదు, కాస్త నడుం పట్టేసింది" అనీ, "కాళ్ళు పీకుతున్నాయి" అనీ, "రెక్కలు లాగుతున్నాయి" అనీ చిన్న చిన్న శకలాలు దొరికాయి. వ్యాకరణం గమనించాలి. ఆయనకు ఓపిక లేనప్పుడు మొత్తం మనిషికి లేదు. ఆమె విషయంలో నడుమే కర్త, కాళ్ళే కర్తలు, రెక్కలే కర్తలు. అలసిన భాగాలన్నీ లెక్కకు వచ్చాక కూడా మనిషి మాత్రం అలసిపోయినట్టు ఎక్కడా నమోదు కాదు. గ్రైండరు తిరుగుతుండగా గట్టు మీద ఒక చెయ్యి ఆన్చి, ఎడమ మడమను కుడి పాదం మీద పెట్టి, కాసేపటికి కాలు మార్చి ఆమె నిలబడే తీరు చూస్తే భరతుడు చెప్పిన శ్రమే, ఏ సందేహమూ లేదు. కానీ "కూర్చోవే" అని ఎవరైనా అంటే "పిండి అయిపోతే కూర్చుంటా" అంటుంది. పిండి అయ్యాక గిన్నెలు ఉంటాయి.

ఇది ఒక్క ఇంటి భాష్యం కాదు. 2019 నాటి జాతీయ కాలవినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు దానిమీద పెట్టేది సగటున 299 నిమిషాలు, అదే పని చేసే మగవాళ్ళు పెట్టేది 97. పైగా 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే ఈ శ్రోతల్లో సగానికి మించి శ్రమతోపాటు గ్లాని కూడా ఉన్నవాళ్ళే. వాళ్ళు దాన్ని "నీరసం" అంటారు. అది కూడా పక్కింటావిడతో, గోడ మీద నుంచి, కొత్తిమీర అప్పు అడుగుతూ అంటారు.

రేపు = ఆదివారమని స్థూలార్థం. తిథి, వార, నక్షత్రాలకు అందని కాలమని సూక్ష్మార్థం. దీని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు.

చూద్దాం = ఇది ఉత్తమపురుష బహువచనం. ఇందులో వక్త, శ్రోత ఇద్దరూ ఉంటారు. ఎవరెంత అన్నది వ్యాకరణం చెప్పదు. అనుభవజ్ఞుల వ్యాఖ్య ప్రకారం ఇందులో ఆలోచన వక్తది, ఆచరణ శ్రోతది. సోమవారం పిల్లల క్యారేజీలు సర్దేసి, బజారు నుంచి వస్తూ వస్తూ వాషరు తెచ్చి, కింద మెయిన్ వాల్వు కట్టేసి, స్పానరు పట్టుకుని స్టూలెక్కి ఆమే బిగించింది. సాయంత్రం నాయకుడు చేతులు కడుక్కుంటూ కొళాయి వంక చూసి, "చూశావా, దానంతటదే ఆగిపోయింది" అన్నాడు.