పొరుగింటి గుజియా రుచి

మనవాడికి టూరిస్టు అంటే ఒళ్ళు మంట. ఎవరైనా పొరపాటున "టూరుకెళ్ళొచ్చారటగా" అంటే "టూరు కాదండీ, అక్కడ ఉండొచ్చాను" అని అక్కడికక్కడే సరిదిద్దుతాడు. తాజ్‌మహల్ ముందు బల్ల మీద కూర్చుని ఫోటో దిగేవాళ్ళని చూస్తే ఇతనికి జాలి. హోటల్లో గది తీసుకునేవాళ్ళని చూస్తే ఇంకా జాలి. ఏ ఊరెళ్ళినా ఓ పాత ఇల్లుండాలి, ఆ ఇంట్లో ఓ ముసలమ్మ ఉండాలి, ఆవిడ చేతి వంట తినాలి, కుదిరితే ఆ ఇంట్లో ఓ పండగ జరగాలి. ఓనానికి త్రిసూరులో ఎవరి వాకిట్లోనో మోకాళ్ళ మీద కూర్చుని పూలముగ్గు వేశాడు. దుర్గాపూజకి కోల్‌కతాలో ధూపం కుండ పట్టుకుని ఆడాడు. హైదరాబాదు నుంచి సంక్రాంతికి గుంటూరు రమ్మని అమ్మ ఫోను చేస్తే మాత్రం "విజయవాడ హైవే మీద ట్రాఫిక్ ఎలా ఉంటుందో తెలుసా?" అంటాడు.

ఈ జాతి మనలో ఈమధ్య బాగా పెరిగింది. సొంత ఇంట్లో పండగ అంటే వీళ్ళకి పని. పరాయి ఇంట్లో పండగ అంటే అనుభవం.

పోయిన ఫాల్గుణంలో మనవాడికి హోలీ మీద మనసు పుట్టింది. ఆఫీసులో పక్క సీటు కుర్రాడిది నిజామాబాద్ దగ్గర పల్లె. "మా ఊరికి రా అన్నా. మోదుగపూలు ఉడకబెట్టి రంగు తీస్తరు, కాముణ్ణి కాలుస్తరు, పిల్లలు జాజిరి పాటలు పాడుకుంట ఇంటింటికీ వస్తరు" అని ఆశగా పిలిచాడు. మనవాడు పెద్దమనసుతో నవ్వి, "అది కాదు తమ్ముడూ, నాక్కావలసింది అసలు సిసలు హోలీ" అన్నాడు. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగే ఊళ్ళో అసలు అనేది ఉండదని ఇతని సిద్ధాంతం. కనీసం రెండు రాష్ట్రాలైనా దాటాలి.

అలా మథుర వెళ్ళాడు. వ్రజభూమిలో హోలీ ఒక రోజు ముచ్చట కాదు, వసంతపంచమి నాడు మొదలై 40 రోజులు సాగుతుంది. హోలీ గేటు వెనక ఇరుకు గల్లీలో ఓ పాత మేడ దొరికింది. ఇంటాయనకి బట్టల కొట్టు. ఇంటావిడ, ఇంటాయన తల్లి, నోయిడాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ పండక్కి ఇంటికొచ్చిన కొడుకు. ఆ కొడుకు పైగదిలో నిద్రపోతున్నాడు. వారం రోజుల్లో మనవాడికి అతను మెలకువగా కనబడింది భోజనాల వేళే.

మనవాడి పెట్టెలోంచి కొత్త తెల్ల లాల్చీలు బయటికొచ్చాయి. బామ్మ ఒకదాని అంచు రెండు వేళ్ళ మధ్య నలిపి చూసి, ఎంత పోసి కొన్నావని అడిగింది. ధర విని గుండెమీద చెయ్యేసుకుని లోపలికెళ్ళి, కొడుకు పాత బనీనూ, మోకాలి దగ్గర చిరిగిన పైజామా తెచ్చి చేతిలో పెట్టింది. హోలీకి వేసుకునేవి అవీ. మనవాడు దణ్ణం పెట్టి వెనక్కిచ్చేశాడు. రంగు పడితే తెలుపు మీద పడాలి, లేకపోతే ఫోటోలో ఏం కనబడుతుంది?

భాషకి ఇబ్బంది లేదనే ఇతని ధైర్యం. చిన్నప్పుడు హిందీ ప్రచారసభ పరీక్షల్లో మధ్యమ దాకా పాసయ్యాడు. "ఆదరణీయ మాతాజీ, క్యా మై ఆప్‌కీ కుఛ్ సహాయతా కర్ సక్‌తా హూఁ?" అని ఒక్క లింగదోషం లేకుండా అడిగాడు. ఆ వీధిలో జనం మాట్లాడేది వ్రజభాష. రేడియోలో వార్తలు వస్తున్నాయనుకుని బామ్మ ఒక్క క్షణం అటూ ఇటూ చూసింది. అయితేనేం, సహాయం అన్న ముక్క మాత్రం పట్టేసింది. వెంటనే పీట వాల్చి, "కూర్చో లల్లా" అంది.

ఆ కూర్చోవడం కూర్చోవడం మూడు పూటలు కూర్చున్నాడు. గుజియాలకి నెయ్యి పట్టించి కలిపిన మైదాపిండిని పూరీలంత వత్తాలి. మధ్యలో వేయించిన కోవా, చక్కెర, ఎండుకొబ్బరి, సారపప్పు పెట్టాలి. అంచుకి నీళ్ళ తడి రాసి అర్ధచంద్రంలా మడిచి, ఆ అంచును బొటనవేలితో నొక్కుతూ జడలా అల్లుకుంటూ పోవాలి. ఎక్కడైనా సందు మిగిలితే నేతిలో నోరు తెరుస్తుంది. లోపలి కోవా బయటపడి మాడి, మూకుడంతా పాడు. మనవాడు మడిచిన మొదటి వాయి నిలువునా నోళ్ళు తెరిచింది. బామ్మ ఏమీ అనలేదు. అవి వేరే పళ్ళెంలో పెట్టి, "ఇవి నీకు" అంది. రెండోరోజుకి చెయ్యి తిరిగింది. మూడోరోజు పక్కింటివాళ్ళు వచ్చి, మద్రాసు అబ్బాయి మడత చూసి మెచ్చుకున్నారు. గుంటూరు అని చెప్పబోయి, మెచ్చుకోలు మధ్యలో ఎందుకని ఊరుకున్నాడు.

గుంటూరులో ఇదే సరుకు కజ్జికాయ. దీపావళి ముందు రోజు అమ్మ, "నాన్నా, కాస్త అంచులు నొక్కిపెట్టరా, నా వేళ్ళు లాగుతున్నాయి" అంటే, "స్వగృహ ఫుడ్స్‌లో కిలో పడేస్తే పోలా? ఈ నూనెలూ పిండివంటలూ ఎవరు తింటున్నారమ్మా ఈ రోజుల్లో!" అని ఫోను లోంచి తల ఎత్తకుండా అనేది ఈ చేతులున్న మనిషే.

నవమి నాడు దాదాపు 45 కిలోమీటర్ల దూరంలోని బర్సానా వెళ్ళాడు. అక్కడ లఠ్‌మార్ హోలీ. కృష్ణుడి ఊరు నందగావ్ నుంచి మగవాళ్ళు వస్తారు, రాధ ఊరు బర్సానా ఆడవాళ్ళు కర్రలు తీసుకుని బాదుతారు, ఆ మగవాళ్ళు నేల మీద గొంతుక్కూర్చుని తోలుడాళ్ళు నెత్తిన అడ్డం పెట్టుకుంటారు. మర్నాడు నందగావ్‌లో ఇదే ఆట, ఊళ్ళు అటూ ఇటూ మారతాయి. మనవాడు ఇంటావిడ దగ్గర పెద్ద ఇత్తడి పళ్ళెం అడిగి తీసుకుని మరీ బయల్దేరాడు. తరాలుగా వస్తున్న వరస అది, దెబ్బలు నందగావ్ వాళ్ళ సొత్తు, ఊరూ పేరూ తెలియనివాడికి పంచిపెట్టరు. సాయంత్రం దాకా పళ్ళెం నెత్తిన పెట్టుకుని నుంచున్నా ఒక్క మహాతల్లీ ఇతని వంక చూడలేదు. పళ్ళేనికి సొట్ట లేకుండా ఇంటికొస్తే ఇంటావిడ సంతోషించింది. మనవాడు ఆ రాత్రి సరిగా భోంచెయ్యలేదు.

పున్నమి రాత్రి వీధి మొగలో హోలికా దహనం. ఆవుపేడ బిళ్ళల దండలు మంటలో వేసి, పచ్చి గోధుమ కంకులు ఆ సెగకి కాల్చి, తలా నాలుగు గింజలు పంచుకున్నారు. మర్నాడు రంగుల రోజు. ఎండిన మోదుగపూలు రాత్రంతా గంగాళంలో నాని, పొద్దున పొయ్యిమీద కుతకుతలాడి, చిటికెడు సున్నం పడేసరికి కాషాయం తిరిగాయి. మనవాడు గంగాళం చుట్టూ తిరిగి అన్నివైపుల నుంచీ వీడియో తీశాడు. నిజామాబాద్ కుర్రాడు చెప్పిన పూలు ఇవేనని ఇతనికి ఇప్పటికీ తట్టలేదు.

"ఒంటికి ఆవనూనె రాసుకుని వెళ్ళు" అని ఇంటావిడ గిన్నె ఇచ్చింది. నూనె రాస్తే జుట్టు అణిగిపోతుందని ఇతను ముట్టుకోలేదు. గడప దాటాడో లేదో గల్లీ పిల్లలు చుట్టుముట్టారు. "ఆర్గానిక్కేనా?" అని అడుగుతుండగానే ఒకడు వెండిరంగు, ఇంకొకడు నల్లరంగు ముఖానికి పులిమి, "బురా న మానో, హోలీ హై" అని దణ్ణం కూడా పెట్టి పోయారు. తిరిగొచ్చాక బామ్మ గ్లాసుడు ఠండాయి ఇచ్చింది. సగం తాగేసరికి మనవాడికి భంగు ఎక్కేసింది. స్తంభం పట్టుకుని నవ్వాడు, తులసికోటకి తన కాలేజీ ప్రేమకథ చెప్పాడు, మేఘాలు తనని పిలుస్తున్నాయన్నాడు. బామ్మ అంతా శ్రద్ధగా విని, అందులో భంగు వెయ్యలేదనీ, బాదం, సోంపు, గసాలు, మిరియాలు తప్ప ఇంకేమీ లేవనీ చెప్పింది. మేఘాలు పిలవడం మానేశాయి.

హైదరాబాదు తిరిగొచ్చాక చెవి వెనక గులాబీరంగు చార మిగిలింది. సబ్బు పెట్టి రుద్దితే పోయేదే. రుద్దడు. ఎవరో ఒకరు అడగాలి కదా.

వాళ్ళకి పున్నమితో నెల ముగుస్తుంది, మనకి అమావాస్యతో. పున్నమి మర్నాడే మథురలో చైత్రం పడిపోయింది, మనకింకా పక్షం రోజుల ఫాల్గుణం మిగిలింది. ఆ పక్షం రోజులూ మనవాడు ఆఫీసులో హోలీ చెప్పాడు. చెప్పి చెప్పి అలిసిపోయి, ఉగాదికి పడుకోవాలని నిశ్చయించుకున్నాడు. ఇంతలో మథుర నుంచి ఫోను. పైగదిలో నిద్రపోయిన కొడుకు! "భాయ్‌సాబ్, మీ కొత్త సంవత్సరానికి మీ ఇంట్లో ఉండొచ్చా? హోటల్ వద్దు. టూరిస్టులా రావడం నాకు నచ్చదు."

అతిథి వస్తున్నాడు కాబట్టి మనవాడికి గుంటూరు తప్పలేదు. పండగనాడు ఆ కుర్రాడు నాలుగింటికే లేచాడు. కొత్త పట్టుపంచె రెండుసార్లు జారితే మూడోసారి బెల్టు పెట్టి కట్టాడు. గుమ్మాలకి మామిడాకులు కట్టాడు. పెరట్లో కొమ్మ వంచి వేపపువ్వు దూసి, చేటలో పోసి, పుల్లా పుడకా ఏరాడు. కొత్త చింతపండు పిసికాడు. గుళ్ళో పంచాంగశ్రవణానికి అందరికంటే ముందు వరసలో కూర్చుని, తన రాశికి ఆదాయమెంతో వ్యయమెంతో రాసుకొచ్చాడు. పదకొండింటికి మనవాడు కళ్ళు నులుముకుంటూ వచ్చి, "టిఫినేంటమ్మా?" అన్నాడు.

అమ్మ జవాబు చెప్పలేదు. ఆవిడ వీడియో కాల్లో ఉంది. అవతల మథుర ఇంటావిడ. తన కొడుకు చేట పట్టుకుని కూర్చున్న దృశ్యం చూసి ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "మీవాడు బంగారం వదినా" అని ఈవిడ తెలుగులో అంది. "ఆప్‌కా బేటా తో హీరా హై" అని ఆవిడ హిందీలో అంది. ఇద్దరూ ఒకరి మాట ఒకరు పూర్తిగా నమ్మలేదు గానీ, విషయం మాత్రం ఇద్దరికీ బోధపడింది. దసరాకి మీవాణ్ణి ఇటు పంపండి, దీపావళికి మావాణ్ణి అటు పంపిస్తాను అని వేళ్ళతో, కళ్ళతో, కజ్జికాయల అచ్చుతో లెక్కలు తేల్చుకున్నారు. మధ్యలో దూరి అనువాదం చెయ్యబోయిన మధ్యమ పాసును మాత్రం, నీ అవసరం లేదు పొమ్మని ఇద్దరూ ఒకేసారి చెయ్యి ఊపారు.