అల్గొర్రి ఒడ్డున మా బావగారు

మా బావగారి లెక్కలో ఈ లోకంలో రాళ్ళు రెండే రకాలు. మెటల్‌కి పనికొచ్చేవి, పనికిరానివి. కొవ్వూరు అవతల పంగిడిలో ఏళ్ళ తరబడి క్వారీ, క్రషరు నడిపిన మనిషి మరి. ఓసారి తాజ్‌మహల్ చూసొచ్చారు. ఎలా ఉందండీ అని అడిగితే, "పాలరాయేగా. మెత్తన. రోడ్డురోలరు ఎక్కితే పిండే," అన్నారు.

అలాంటాయనకి భూగర్భశాస్త్రం చదివే కూతురు పుట్టింది. పుట్టకేం, క్రషరు చప్పుడుకి నిద్రపోయి, ఆ చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచిన పిల్ల. ఆయనకి కొరుకుడుపడనిదల్లా ఒక్కటే. రాయిని పగలగొట్టకుండా, అమ్మకుండా, ఉత్తినే చూస్తున్నందుకు స్పెయిన్‌లో దానికి నెలనెలా డబ్బులిస్తున్నారు.

"ఎవరిస్తారే?" అని అడిగారు ఫోన్లో.

"గవర్నమెంటే నాన్నా."

"ఏం, వాళ్ళకి వేసుకోడానికి రోడ్లు లేవా?"

ఆ అనుమానం తీర్చుకోడానికే బయల్దేరారనిపిస్తుంది. అక్క సరే, కూతుర్ని చూడాలి. ఇంగ్లీషు వచ్చినవాడు ఒకడుండాలని నన్నూ పట్టుకెళ్ళారు. తీరా బాస్క్ సీమలో దిగాక నా ఇంగ్లీషు ఎవరికీ అక్కర్లేకపోయింది. అక్కడివాళ్ళు వాళ్ళ బాస్క్‌లో మాట్లాడారు, కాకపోతే స్పానిష్‌లో. బావగారు తెలుగులో మాట్లాడారు. పని జరిగిపోయింది. నేను సామాన్లు మోశాను.

బిల్బావ్‌లో గుగెన్‌హైమ్ మ్యూజియం చూపించింది మేనకోడలు. 1997లో కట్టారు, ఒళ్ళంతా టైటేనియం తొడుగు, దాన్ని చూడ్డానికే జనం ఖండాలు దాటి వస్తారు. బావగారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి "రేకులు," అన్నారు. లోపలికి రాలేదు.

ఆ రాత్రి పిల్ల చెప్పింది. "రేపు మిమ్మల్ని అల్గొర్రి తీసుకెళ్తా. సుమాయా ఊరి పక్కన చిన్న ఒడ్డు. రాళ్ళ మధ్య దాక్కునుంటుంది. ఎవరూ రారు."

"ఎవరూ రాని చోటికి మనమెందుకే?" అంది అక్క.

ఈ ప్రశ్నకి ఆ పిల్ల దగ్గర జవాబు లేదు. నిజానికి మన జాతి మొత్తం మీద ఎవరి దగ్గరా లేదు. మనం చూడబోయే చోట జనం ఉండాలి. క్యూ ఉంటే మరీ మంచిది. తిరపతిలో కంపార్ట్‌మెంటు ఖాళీగా కనిపిస్తే సంతోషించం సరికదా, ఇవాళ దర్శనం ఉందా లేదా అని కంగారు పడతాం. జనం లేరంటే ఆ చోటులో ఏదో లోపం ఉందన్నమాట. ఇంగ్లీషు వాడు రాసిన గైడు పుస్తకాల్లో 'ఏకాంతం' అనేది ఓ సౌకర్యం. మా అక్కకి అది దొంగల భయం.

సరే, పొద్దున్నే వెళ్దామన్నారు బావగారు. కుదరదంది పిల్ల. అక్కడ సముద్రం దయతలిచిన వేళకే దిగాలి. కాకినాడలో పోటుకీ పాటుకీ తేడా మనిషి ఎత్తు దాటదు. బిస్కే అఖాతంలో పౌర్ణమికీ అమావాస్యకీ నాలుగు మీటర్లు దాటుతుంది. పోటు మీదుంటే అల్గొర్రిలో నిలబడ్డానికి చోటుండదు. పట్టిక చూసి, "పాటు సరిగ్గా మధ్యాహ్నం పన్నెండింటికి," అంది.

అక్క క్యాలెండరు తీసింది. "బుధవారం పన్నెండు నించి ఒకటిన్నర రాహుకాలం."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. రెండు పట్టికలూ చంద్రుణ్ణీ సూర్యుణ్ణీ చూసి లెక్కగట్టినవే, రెండూ ఒకదానికొకటి ఎదురొచ్చాయి. చివరికి బావగారే తీర్పు చెప్పారు. "ఇక్కడ పన్నెండంటే మనూళ్ళో మూడున్నర. రాహుకాలం ఎప్పుడో వెళ్ళిపోయింది. పద."

సుమాయాలో చిన్న రైలు దిగి, ఊరు దాటి కొండెక్కితే అంచు మీద సాన్ తెల్మో గుడి ఉంది. ఓడవాళ్ళని కాపాడే స్వామి. 2014లో వచ్చిన ఓ స్పానిష్ కామెడీ సినిమాలో పెళ్ళి తీసింది ఇక్కడేనట. తలుపులు మూసున్నాయి. అక్క బయటినుంచే దణ్ణం పెట్టుకుంది. కింద ఇత్సురున్ బీచి, దాన్నిండా జనం. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' ఏడో సీజన్‌లో డ్రాగన్ల రాణి ఆ ఒడ్డునే దిగిందని ఫొటోలు తీసుకుంటున్నారు.

"అదుగో, అక్కడ జనం ఉన్నారుగా, అక్కడికెళ్దాం," అంది అక్క ఆశగా.

"అక్కడ బంగారు మేకులున్నాయమ్మా," అంది పిల్ల. అక్క మొహం ఇంకా వెలిగింది. తీరా చూస్తే పేరుకే బంగారం. పాలియోసీన్ యుగంలో సెలాండియన్, థానేషియన్ అని రెండు కాలఖండాలున్నాయి. అవి ఎక్కడ మొదలయ్యాయంటే ఇదిగో ఈ పొర దగ్గర అని ప్రపంచమంతటికీ కొలబద్దగా 2008లో ఆ కొండనే ఎంచుకున్నారు. ఆ గుర్తుకే బంగారు మేకు అని పేరు. "తులం కూడా లేదా?" అని అక్క ఆ బీచి ఊసు వదిలేసింది.

మేం గుడి పక్కనించి పడమటివైపు గడ్డిబాట పట్టాం. ఆ దేశంలో వాన కురవదు, గాల్లో వేలాడుతుంది. గొడుగు వేస్తే తడవం అన్న నమ్మకం పోతుంది గాని తడవడం ఆగదు. అక్క చీర కుచ్చిళ్ళు ఓ చేత్తో, నా భుజం ఓ చేత్తో పట్టుకుని, "ఒరే తమ్ముడూ, నేను జారితే మీ బావ చూసుకోరు, రాళ్ళు చూసుకుంటారు," అంటూ దిగింది. ఆ మాట అక్షరాలా నిజం. బావగారు అప్పటికే కింద ఉన్నారు.

అల్గొర్రి గురించి ఉన్నదున్నట్టు చెప్పాలంటే, అక్కడేం లేదు. ఇసుక లేదు, గులకరాళ్ళు. టీకొట్టు లేదు, కూర్చోడానికి బల్ల లేదు, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాడు లేడు, గుర్రం లేదు. చుట్టూ కొండగోడ, ఎదురుగా సముద్రం. కానీ ఆ గోడ, ఆ గోడ కాళ్ళ దగ్గర్నించి నీళ్ళలోకి పోయే నేల, మొత్తం పొరలు పొరలు. గట్టి సున్నపురాయి, మెత్తటి మట్టిరాయి, మళ్ళీ సున్నపురాయి, చూపు ఆనినంత దూరం. అన్నీ దాదాపు నిలువుగా. నాకు పూతరేకులు గుర్తొచ్చాయి గాని, ఆకలి వేళ కదా అని ఊరుకున్నాను.

బావగారు ఓ పొర మీద కాలేసి నొక్కారు. గోటితో గీరారు. "పెళుసు," అన్నారు. "ఒక్క దెబ్బకి డస్టే. ఇరవై ఎంఎం మాట దేవుడెరుగు, బేబీ చిప్స్‌కి కూడా రాదు. ఇంతకీ పరుపు నిలువుగా ఉందేవిటే? ఎవరు లేపి నిలబెట్టారు?"

అది సరైన ప్రశ్న. పిల్ల మొహంలో వెలుగు చూడాలి. ఇదంతా ఒకప్పుడు లోతు సముద్రం అడుగున చదునుగా పేరుకున్న బురద నాన్నా, అంది. ఐబీరియా వెళ్ళి యూరప్‌ని నెట్టినప్పుడు పిరనీస్ కొండలు లేచాయి, ఆ తోపులాటలో ఇదీ లేచి నిలబడింది. గట్టి పొర, మెత్తటి పొర కలిపి ఒక జత. భూమి ఇరుసు తల ఆడించడంవల్ల వాతావరణం ఓ చుట్టు తిరిగి రావడానికి పట్టే కాలం, ఇంచుమించు ఇరవై వేల ఏళ్ళు, ఒక్కో జతకి పట్టింది.

బావగారు అడుగులేసి కొలిచారు. మనవాళ్ళ చరిత్ర మొత్తం, శాతవాహనుల నించి మొన్నటి ఎన్నికల దాకా, ఒక జతలో పదోవంతు. ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేశారు. "ఇంత పొడుగు లెక్కపుస్తకం పెట్టినవాణ్ణి నేను చూళ్ళేదు," అన్నారు. ఆయన నోట ఒక రాయి గురించి మంచిమాట రావడం నేను వినడం అదే మొదలు.

తర్వాత అసలు చోటికి తీసుకెళ్ళింది. గోడలో సన్నటి సందు. నల్లటి మట్టి, బెత్తెడు మందం ఉంటుందేమో.

"ఇదే," అంది.

"ఏది?" అంది అక్క.

"ఇదేనమ్మా. ఇటువైపు డైనోసార్లున్న కాలం. అటువైపు లేని కాలం. ఆరుకోట్ల అరవై లక్షల ఏళ్ళ కిందటి గీత."

అక్క సందులోకి వంగి చూసింది. "ఎముకైనా కనబడదేవిటే?"

కనబడదు. సముద్రం అడుగు కదా. ఇక్కడి సాక్షులు చిన్నవాళ్ళు, సూదిమొనంత గుల్లజీవులు. గీతకి ఇటు బోలెడు రకాలు, గీత దాటగానే చాలామటుకు గల్లంతు. నత్తల్లా చుట్టలు చుట్టుకున్న అమ్మోనైట్లు కూడా అంతే. 1980లలో పీటర్ వార్డ్ అనే అమెరికన్ ఈ కొండలు గాలించి, అవి గీతకంటే చాలా ముందే పోయాయనుకున్నాడు. తర్వాత ఇదే తీరంలో ఫ్రాన్సువైపు ఎండాయ్‌లో వెతికితే గీత దాకా దొరికాయి. "సర్వేయరు లాంటివాడన్నమాట, రెండోసారి గొలుసు పట్టేదాకా హద్దు తేలదు," అన్నారు బావగారు.

"మరి చంపిందెవరు?" అంది అక్క. మా అక్క సీరియళ్ళలో కూడా దీనికోసమే చివరిదాకా కూర్చుంటుంది.

మొదటి ముద్దాయి ఆకాశంనించి వచ్చింది. ఇటలీలో ఇలాంటి మట్టిపొరలోనే ఇరీడియం మామూలుకంటే ఎన్నో రెట్లు దొరికిందని, అది గ్రహశకలం పనేనని 1980లో ఆల్వరెజ్ తండ్రీకొడుకులు, వాళ్ళతో మరో ఇద్దరు చెప్పారు. తర్వాత మెక్సికోలో గొయ్యి కూడా బయటపడింది. ఇంచుమించు నూట ఎనభై కిలోమీటర్ల గొయ్యి.

"రెండో ముద్దాయి కూడా ఉంది," అని పిల్ల ఆగింది. తండ్రివైపు ఓరగా చూసింది. "అదే కాలంలో మన దక్కన్‌లో అగ్నిపర్వతాలు పగిలాయి. లక్షల చదరపు కిలోమీటర్లు లావా పరుచుకుంది. ఆ పొగకీ, వాయువులకీ కూడా ఇందులో వాటా ఉందని వాదించేవాళ్ళున్నారు. ఆ లావా పడమటి కనుమల వైపునించి లోయలమ్మట వెయ్యి కిలోమీటర్లు పైగా పారి, వచ్చి వచ్చి మన గోదావరి దగ్గర ఆగింది నాన్నా. రాజమండ్రి ట్రాప్స్ అంటారు. అంటే పంగిడి, దుద్దుకూరు."

బావగారు చేతులు వెనక్కి కట్టుకున్నారు.

"మన నల్లరాయా?"

"మన నల్లరాయే."

"అంటే ఇన్నేళ్ళూ నేను..."

"హంతకుణ్ణి ముక్కలు చేసి రోడ్లకేశారు," అన్నాను. బావగారు నావైపు చూశారు. గర్వం ఎక్కువా, కంగారు ఎక్కువా తేల్చుకోలేని చూపు. "నేషనల్ హైవే కూడా," అన్నారు మెల్లిగా.

ఆ ఊపులో ఆయన చెయ్యి సందులోకి వెళ్ళింది. పిల్ల గబుక్కున పట్టుకుంది. 2009 నించి ఇది రక్షిత ప్రాంతం, తర్వాత యునెస్కో జియోపార్కు కూడా అయింది, చిటికెడు తియ్యకూడదు. రాయిని ముట్టుకోవద్దని ఓ మనిషి తనతో చెప్పడం ఆయనకి కొత్త. జేబులో చేతులు పెట్టుకుని అలిగారు.

అప్పుడే పదిమంది కుర్రాళ్ళని వెంటేసుకుని ఒక ప్రొఫెసరు దిగాడు. మా పిల్లకి తెలిసినాయన. ఏకాంతం పోయినందుకు పిల్ల చిన్నబుచ్చుకుంది, అక్క కొంగు సర్దుకుని ఊపిరి పీల్చుకుంది. పరిచయాల్లో పిల్ల ఏదో అంది. అందులో నాకు రాజమండ్రి ఒక్కటే అర్థమైంది. అది వినగానే ఆయన కుర్రాళ్ళనీ, గీతనీ వదిలేసి బావగారి రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇలాంటి మర్యాద మైనింగ్ ఆఫీసులో ఆయన కలలో కూడా చూసుండరు.

ప్రశ్నలు మొదలయ్యాయి. పిల్ల అటూ ఇటూ తెలుగు, స్పానిష్ మోసింది. కింది లావా పరుపుకీ పై లావా పరుపుకీ మధ్య తెల్లటి సున్నపు పొర ఒకటి ఉంటుందిట కదా, అందులో గవ్వలు, గుల్లలు ఉంటాయిట కదా, దాంట్లోని సూక్ష్మజీవుల్ని చూసే కదా ఆ లావా ఈ గీత కాలంనాటిదని పట్టుకున్నారు, అది మీరు స్వయంగా చూశారా?

"ఓ, ఆ సుద్దా!" అన్నారు బావగారు. "చూడకేం. అది అడ్డమొస్తే కింది రాయి అందదు. జేసీబీ పెట్టి తీయించేవాళ్ళం."

పిల్ల చెప్పలేదు. కాసేపు సముద్రంవైపు చూసి, తప్పక చెప్పింది.

ప్రొఫెసరు గొంతు తగ్గిపోయింది. తీసి ఏం చేశారని అడిగాడు.

"పారబోశాం. గవ్వలున్న రాయి కాంక్రీటుకి పట్టదు. కొన్ని టిప్పర్లు మా చేపల చెరువు గట్టుకేసుకున్నాం. వానకి జారుతుంది గాని మధ్యరకం."

ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. చెరువు ఏ ఊరు, గట్టు ఏ వైపు, ఇంకా ఉందా. నీళ్ళు అప్పటికే కింది పొరల్ని కమ్ముతూ పైకొస్తున్నాయి. కుర్రాళ్ళు వెనక్కి జరుగుతున్నారు, అక్క బాటెక్కేసి పైనించి పిలుస్తోంది. వీళ్ళిద్దరూ కదల్లేదు. బావగారు తడి రాతిమీద వేలితో కొవ్వూరు రోడ్డు గీసి చూపిస్తున్నారు.

"మరీ అంత కావాలంటే ఒక లోడు పంపిద్దాంలే అని చెప్పవే," అన్నారు కూతురితో. "కిరాయి మాత్రం ఆయన పెట్టుకోవాలి."