అడవిని ఎవరు ఊడ్చారు?

గుమ్మం ముందు తులసికి చెంబెడు నీళ్లు పోయమంటే మర్చిపోయే మనిషిని నేను. అలాంటివాణ్ణి కంప్యూటర్లో అడవి పెంచుతున్నానంటే మీరు నవ్వుతారు. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లోవాళ్లు నవ్వడం ఎప్పుడో మానేసి ఇప్పుడు జాలిపడుతున్నారు. జాలికన్నా నవ్వే నయమని మీకు నేను చెప్పాలా?

నలభై దాటిన మగవాడికి ఏదో ఒక పిచ్చి పట్టకుండా ఉండదు. మా పక్క ఫ్లాటాయనకి సైకిల్ పట్టింది. మా బావమరిదికి షేర్లు పట్టాయి. నాకు బ్లెండర్ పట్టింది. త్రీడీ బొమ్మలు చేసే సాఫ్ట్‌వేర్ అది. పైసా ఖర్చు లేదు. దాన్ని పుట్టించిన టోన్ రోసెన్‌డాల్ అనే డచ్చాయన, కంపెనీ మూతపడితే 2002లో జనం దగ్గర ఏడు వారాల్లో లక్ష యూరోల చందా పోగుచేసి, దాన్ని లోకానికి ఉచితంగా వదిలేశాడు. ఈ కథని మా ఆవిడకి పురాణం చెప్పినంత భక్తిగా చెప్పాను. ఆవిడ ఆసాంతం విని, "సాఫ్ట్‌వేర్ ఉచితం, బాగుంది. మరి మొన్న డబ్బాలో వచ్చిందేమిటి?" అంది.

డబ్బాలో వచ్చింది గ్రాఫిక్స్ కార్డు. అమ్మాయి చదువు కోసం అన్నాను. అమ్మాయి అక్కడే కూర్చుని ఉంది. "సోషల్ పరీక్షకి గ్రాఫిక్స్ కార్డు ఎందుకు నాన్నా?" అంది. పిల్లలకి అబద్ధం ఆడకూడదని నేర్పించేటప్పుడు మనం ఇంత దూరం ఆలోచించం.

నా ధైర్యం ఊరికే రాలేదండోయ్. లాత్వియాకి చెందిన గింట్స్ జిల్బలోడిస్ ఈ బ్లెండర్‌లోనే 'ఫ్లో' అని ఓ సినిమా తీశాడు. ఒక పిల్లి, అడవి, వరద. మాటల్లేవు. 2025లో యానిమేషన్ ఆస్కార్ పట్టుకెళ్లాడు. ఇదీ మా ఆవిడకి చెప్పాను. "ఆయన కూడా పొద్దున్నే పాలప్యాకెట్ తేవడం మర్చిపోతాడా?" అంది. ఆస్కార్ వాళ్లు ఆ వివరం ప్రకటించలేదు.

ఏ అడవి వెయ్యాలన్న అనుమానమే రాలేదు నాకు. మా ఆవిడ పుట్టిల్లు దోర్నాల. మార్కాపురం నుంచి వెళితే, శ్రీశైలం ఘాట్ ఎక్కబోయే ముందు వస్తుంది. నల్లమలని చూస్తూ పెరిగిన మనిషి. ఆవిడ పుట్టింటి అడవిని కళ్లముందు నిలబెడితే ఇంట్లో నా పరపతి కాస్త పెరుగుతుందని లెక్కేశాను. తెలివైనవాడైతే అమెజాన్ వేసుకునేవాడు. అక్కణ్ణుంచి తప్పులు పట్టడానికి ఎవరొస్తారు?

కంప్యూటర్లో చెట్టుని చేత్తో చెక్కక్కర్లేదు. కొమ్మ చీలాలి, చీలినప్పుడల్లా సన్నబడాలి, ఇంత కోణంలో తిరగాలి అని సూత్రం రాసిస్తే అదే పెరుగుతుంది. మొక్కల పెరుగుదలకి ఇలాంటి సూత్రాలు 1968లోనే లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త రాసిపెట్టాడు. నేనూ రాశాను. నా చెట్టు కొమ్మలన్నీ బుద్ధిగా భూమిలోకి పెరిగాయి. వేళ్లేమో ఆకాశంలో ఊగుతున్నాయి. ఇదంతా మనకెందుకని రెడీమేడ్ చెట్లు దింపుకున్నాను. ఉచితంగా నాకు దొరికినవాటిలో ఎక్కువ యూరప్ చెట్లే. పైన్, బర్చ్, ఓక్. చెట్టు చెట్టే కదా అని వరసగా నాటేశాను.

మా ఆవిడ కాఫీ గ్లాసు బల్లమీద పెట్టి కాసేపు చూసింది. "ఇది శ్రీశైలం వెళ్లే దారా, సిమ్లా వెళ్లే దారా?" అంది.

సరే, టేకు చేద్దామని కూర్చున్నాను. ఎక్కడో కొలతలు పట్టుకుని ఆకు చేస్తే, తెరమీద అది చాటంత వచ్చింది. స్కేల్ తప్పిందనుకుని మామిడాకంత చేసి, పనితనానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. మా ఆవిడ వచ్చింది. "టేకాకు ఇంతేనా? మేం అందులో అన్నం పెట్టుకుని తినేవాళ్లం. లేతాకు అరచేతుల్లో వేసి నలిపితే చేతులు ఎర్రగా అయ్యేవి, గోరింటాకు పెట్టుకున్నామని మా టీచర్ని నమ్మించేవాళ్లం" అంది. అంటే మొదట వచ్చిన ఆకే సరైనదన్నమాట. నా జీవితంలో మొదటిసారే ఒప్పయిన పనులన్నీ ఇలాగే దిద్దుకుని పాడుచేసుకున్నాను.

ఇక నాటడం. ఒక్కో చెట్టుకీ లక్షల ఆకులు. వందో చెట్టు రాకముందే మెమొరీ చాలక కంప్యూటర్ గుడ్లు తేలేసింది. ఇంకా పెద్ద కార్డు కొనాలేమోనని నేను ఇంట్లో అందరూ వినేటట్టు గట్టిగా అనుకుంటుంటే అమ్మాయి వెనకనించి తొంగిచూసింది. "నువ్వు షిఫ్ట్ డీ కొడుతున్నావు నాన్నా. ఆల్ట్ డీ కొట్టాలి" అంది. షిఫ్ట్ డీ కొడితే ప్రతి చెట్టూ మళ్లీ కొత్తగా మెమొరీలో కూర్చుంటుందట. ఆల్ట్ డీ కొడితే అసలు చెట్టు ఒక్కటే ఉంటుంది, మిగతావన్నీ దాన్ని చూపించే గుర్తులే. ఒక్క చెట్టు బరువుతో వెయ్యి చెట్ల అడవి లేచింది. కొత్త కార్డు ఆశ అక్కడితో పోయింది.

ఆ అడవిని చూసి నేను ఉప్పొంగిపోతుంటే అదే పిల్ల మళ్లీ, "అన్ని చెట్లకీ ఎడమవైపు మూడో కొమ్మే విరిగిందేంటి?" అంది. చూద్దును కదా, నిజమే. వెయ్యి చెట్లు, వెయ్యి మూడో కొమ్మలు. ఒక్కో చెట్టునీ ఒక్కో వైపు తిప్పే మీట కూడా ఆ పిల్లే చూపించింది.

ఇంత చేసినా అది అడవిలా లేదు. ఏదో కాలేజీ క్యాంపస్‌లా ఉంది. లోపం ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. మా ఆవిడకి అర నిమిషం కూడా పట్టలేదు. "అడవిని ఎవరు ఊడ్చారు?" అంది. "ఇంట్లో చీపురు ఎక్కడుంటుందో తెలీదు గానీ, అడవిని మాత్రం అద్దంలా పెట్టారే!"

నా నేల నిజంగానే పచ్చతివాచీ. దానిమీద చెట్లు మేకులు కొట్టినట్టు నిలబడ్డాయి. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పుకుపోయింది. టేకాకు ఎండితే అంచులు ముడుచుకుపోయి, కాలు పెడితే పటపటమంటుంది. దాని కింద నిరుడు రాలిన ఆకు జల్లెడైపోయి ఈనెలే మిగిలి ఉంటాయి. దాని కింద నల్లమట్టి. మధ్యలో పుల్లలు, విరిగిన వెదురు, మోకాటెత్తు చెదపుట్ట. చెట్టు మొదట్లోకి ఆకు కొట్టుకొచ్చి కుప్పపడుతుంది, బండమీద మాత్రం నిలవదు. నేను నోట్సు రాసుకున్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ చెబుతుంటే నేను రాసుకున్నది అదే మొదలు. కిరాణా జాబితా కూడా ఎప్పుడూ నోటిలెక్కే, అందుకే కందిపప్పు బదులు శనగపప్పు తెస్తుంటాను.

చెత్త పొయ్యడం తేలికనుకోకండి. నేను పోస్తే అది వరసగా పడింది. అడ్డదిడ్డంగా పడాలి, కానీ మరీ అడ్డదిడ్డంగా కాదు. ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా, మధ్యలో మెల్లగా మారుతూ ఉండాలి. దీనికీ ఓ లెక్క ఉంది. 'ట్రాన్' సినిమాకి పనిచేసిన కెన్ పెర్లిన్, కంప్యూటర్ బొమ్మలు మరీ యంత్రంలా ఉన్నాయని విసుగొచ్చి, ఆ తర్వాత ఓ సూత్రం తయారుచేశాడు. మబ్బులకీ, మట్టికీ, బెరడుకీ ఇప్పటికీ అదే వాడతారు. 1997లో దానికి సాంకేతిక విభాగంలో అకాడమీ అవార్డు కూడా ఇచ్చారు. చిందరవందరని లెక్కప్రకారం పుట్టించినందుకు అవార్డు! ఈ మాట చెప్పగానే మా ఆవిడ ఏమీ అనలేదు. లేచి వెళ్లి నా బట్టల అల్మరా తలుపు బార్లా తెరిచి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆకులు ప్లాస్టిక్‌లా ఎందుకున్నాయో కూడా ఆవిడే తేల్చింది. పూజ దగ్గరి తమలపాకు తెచ్చి కిటికీ ఎండకి అడ్డంపెట్టింది. ముందువైపు ముదురు పచ్చ. ఎండ వెనకనించి పడేసరికి లేత పసుపుపచ్చ, ఈనెలన్నీ విడివిడిగా కనపడ్డాయి. ఎండ ఆకుమీద పడి ఊరుకోదు, కొంత ఆకులోంచి దూరి ఇవతలికొస్తుంది. బ్లెండర్‌లో అందుకు ట్రాన్స్‌లూసెంట్ అని విడిగా ఓ షేడర్ ఉంది. దాన్ని కాస్త కలపగానే అడవి పైకప్పు దీపం పెట్టినట్టు వెలిగింది. ఆ సంబరంలో తమలపాకు నమిలేశాను. అది అమ్మవారిదని తర్వాత గుర్తుచేశారు.

మిగిలింది మంచు. దూరంగా ఉన్న చెట్టు పాలిపోయి నీలంలోకి జారకపోతే అడవికి లోతు రాదు. "గాల్లో తేమ ఉండాలోయ్, అంతా తేమలోనే ఉంది" అన్నాను గంభీరంగా. "తేమ కావాలా? హాలు గోడ చూడండి, కావలసినంత ఉంది. ప్లంబర్‌ని పిలవమని ఎన్నాళ్లనించి చెబుతున్నాను?" అంది. నేను మంచు పనిలో మునిగిపోయాను.

మంచు పెట్టగానే లెక్క తడిసి మోపెడవుతుంది. వెలుతురు కిరణం ఎక్కడ తగిలి ఎటు తిరిగిందో లెక్కకట్టే సమీకరణం 1986లో కజియా అనే ఆయన రాశాడు. ఆ లెక్క మంచులో ప్రతి అడుగునా చెయ్యాలి. కిరణాలు తగ్గిస్తే బొమ్మంతా చుక్కలు చుక్కలుగా వస్తుంది. చుక్కలు తుడిచే డీనాయిజర్ ఉంది గానీ, అది చుక్కలతోపాటు నా ఎండుటాకుల్ని కూడా అలికేస్తుంది. అందుకని కిరణాలు పెంచి, రాత్రంతా వదిలేసి పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి కంప్యూటర్‌ని ఆనుకుని మూతపెట్టిన గిన్నె ఒకటుంది. చలికాలం కదా, పెరుగు తోడుకోవడంలేదని, వేడిగాలి వచ్చేవైపు చూసి మరీ పెట్టింది మా ఆవిడ. తెరమీద చూస్తే పని సగంలో ఆగిపోయి నల్లగా ఉంది. పెరుగు మాత్రం గడ్డకట్టి చెంచా నిలబడేటట్టుంది. "మీ అడవి రోజూ రాత్రిళ్లు పెట్టుకోండి" అని అనుమతి ఇచ్చింది. నా కళకి ఇంట్లో దొరికిన మొదటి ప్రోత్సాహం అదే.

మొత్తానికి బొమ్మ పూర్తయింది. చిన్నాడు వచ్చి "పులి ఏది?" అన్నాడు. శ్రీశైలం, నాగార్జునసాగర్ అడవులు దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యమని వాడికి స్కూల్లో చెప్పారు. పులి పొదల వెనక ఉందనీ, కనపడకపోవడంలోనే అడవి అందముందనీ వివరించాను. "అంటే నీకు పులి వెయ్యడం రాదన్నమాట" అని వెళ్లిపోయాడు.

అసలు పరీక్ష సంక్రాంతికి వచ్చింది. మా మామగారు నల్లమలలో ఫారెస్టు గార్డుగా చేసి రిటైరయ్యారు. కళ్లజోడు తుడుచుకుని తెర దగ్గరగా వంగారు. "ఏ బీటు ఇది?" అన్నారు. నా ఛాతీ పొంగింది. ఆ ఆనందం ఎంతోసేపు లేదు. "నల్లమద్ది బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉండాలే, ఇంత నున్నగా ఉందేం బాబూ?" అన్నారు. తర్వాత, "ఇది ఏ నెల?" అన్నారు. నెలా? అడవికి నెల ఉంటుందని నాకేం తెలుసు?

"మోదుగ పూసింది. అంటే మాఘమో ఫాల్గుణమో. అప్పటికి టేకు మోడువారాలి, గడ్డి ఎండాలి. ఇక్కడ చూస్తే మోకాలెత్తు పచ్చగడ్డి, పైన నిండుగా ఆకు. మళ్లీ ఈ మంచొకటి. పైగా కింద ఇంత ఎండుటాకు పేరుకుంటే ఒక్క బీడీముక్క చాలు. ఫైర్ లైన్లు ఎందుకు కొట్టించలేదు?" అని నన్నే నిలదీశారు. ఆకులు పొయ్యమంది మీ అమ్మాయేనండీ అన్నాను. తండ్రీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అల్లుడి ముఖం ఎవరూ చూడలేదు. ఆ రాత్రే మోదుగపూలన్నీ పీకేసి, నెలని కార్తీకానికి మార్చి, మద్దిమాను బెరడు పగలగొట్టాను.

పెద్ద సైజులో ప్రింటు తీయించి ఫ్రేము కట్టించాను. ఎక్కడ పెడుతుందో, ఏ మూల పడేస్తుందోనని నేను భయపడుతుంటే మా ఆవిడ స్టూలెక్కి స్వయంగా హాల్లో, సరిగ్గా సోఫా పైన తగిలించింది. వెనక్కి నడిచి చూసింది. ఓ అంగుళం కుడికి జరిపింది. మళ్లీ చూసి తృప్తిగా తలాడించింది. నా గొంతు పూడుకుపోయింది. వచ్చినవాళ్లందరూ మెచ్చుకుంటుంటే నేను వినయంగా పేపరు చదువుతున్నట్టు నటించేవాణ్ణి.

మొన్న ఎదురింటావిడ వచ్చింది. "భలే ఉంది వదినా! అన్నయ్యగారు చేశారా?" అంది. నేను పేపరు పేజీ తిప్పాను. "అవునొదినా. కొలిచినట్టు సరిపోయింది, చెమ్మ మరక అసలు కనపడడంలేదు చూడు" అంది మా ఆవిడ. ఎదురింటావిడ ఫ్రేము పక్కనించి వెనక్కి తొంగిచూసి, నిజమే అంది.

ఈ వానలకి మరక ఇంకాస్త కిందికి దిగింది. "ఏవండీ, అడవి కిందివైపు ఇంకో జానెడు పెంచడానికి వీలవుతుందా?" అని అడిగింది నిన్న. ఎందుకు వీలవదు అన్నాను. ప్లంబర్‌ని వెతకడంకన్నా అది తేలిక.