ఒక రెరా నమోదు పత్రం ఆత్మకథ

ప్రభుత్వ కాగితాలకు ఉత్తమ పురుషలో మాట్లాడే అలవాటు లేదు గనుక, హైదరాబాదు శివార్లలో ప్లాట్లు ఇప్పించే ఒక ఏజెంటు పేరిట జారీ అయిన ఈ నమోదు పత్రం కూడా తన వృత్తాంతాన్ని ‘ఈ పత్రం’ అనే చెప్పుకొంటుంది. స్థిరాస్తి (నియంత్రణ, అభివృద్ధి) చట్టం, 2016లోని 9వ సెక్షన్ దీని పుట్టుకకు మూలం; ఆ చట్టం కింద రాష్ట్రంలో ఏర్పడిన నియంత్రణ సంస్థనే జనం రెరా అంటారు. 2017 మే 1న ఆ సెక్షన్ అమలులోకి వచ్చేదాకా, ఊరి పొలిమేరలో వెంచరు చూపించి కమీషన్ తీసుకొనే మధ్యవర్తికి ఇటువంటి కాగితంతో పనే లేకపోయింది. తెలంగాణ నిబంధనల ప్రకారం 10,000 రూపాయల రుసుము చెల్లించిన వ్యక్తికి 5 సంవత్సరాల గడువుతో నమోదు లభిస్తుంది, ఆ నంబరును కార్యాలయంలో అందరికీ కనిపించేలా ప్రదర్శించవలసి ఉంటుంది గనుక, ఈ పత్రం ఏజెంటు కుర్చీ వెనుక గోడకు చేరింది.

అక్కడ దానికి అర్హతకు మించిన గౌరవం దక్కింది. కొనడానికి వచ్చినవారికి ఏజెంటు ముందుగా దీనినే చూపించేవాడు. వారు దానిని తాము కొనబోయే ప్లాటుకు సర్కారు ఇచ్చిన హామీగా భావించేవారు, ఆ భావన తప్పని ఎవరూ చెప్పేవారు కారు. నిజానికి రెరా నంబర్లు రెండు రకాలు: ‘ఏ’ అక్షరంతో మొదలయ్యేది ఏజెంటుది, ‘పీ’ అక్షరంతో మొదలయ్యేది ప్రాజెక్టుది. మొదటిది మనిషిని గురించి మాత్రమే చెబుతుంది, నేలను గురించి ఏమీ చెప్పదు. ఇవి చాలవన్నట్లు మార్కెట్లో మూడో నంబరు కూడా వినిపిస్తుంది. లేఅవుటుకు హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) ఇచ్చే అనుమతి సంఖ్యను ఎల్‌పీ నంబరు అంటారు, అది వచ్చినంత మాత్రాన ప్రాజెక్టు రెరాలో నమోదైనట్లు కాదు.

ఈ పత్రానికి ఆపద ఆ సందులోంచే వచ్చింది. 500 చదరపు మీటర్లకు మించిన లేఅవుటును రెరాలో నమోదు చేయించకుండా ప్రకటించడం గాని, బుకింగులు తీసుకోవడం గాని 3వ సెక్షన్ నిషేధించగా, నమోదుకు ముందే తక్కువ ధర ఆశ చూపి సొమ్ము వసూలు చేసే పద్ధతికి వ్యాపారులు ప్రీలాంచ్ అని అందమైన పేరు పెట్టుకున్నారు. అటువంటి ఒక వెంచరులో అడ్వాన్సు కట్టి, ఎంతకాలం చూసినా రిజిస్ట్రేషన్ జరగక విసిగిపోయిన కొనుగోలుదారు, 31వ సెక్షన్ కింద ఫారం ‘ఎం’లో ఫిర్యాదు దాఖలు చేసి, రెండు కోరికలు కోరాడు: తన సొమ్ము వాపసు ఇప్పించాలి, ఏజెంటు నమోదును రద్దు చేయాలి.

వాదించడానికి న్యాయవాదినే కాక చార్టర్డ్ అకౌంటెంటును, కంపెనీ కార్యదర్శిని, కాస్ట్ అకౌంటెంటును నియమించుకోవడానికి కూడా 56వ సెక్షన్ వీలు కల్పిస్తున్నది. ఏజెంటు న్యాయవాదినే ఎంచుకున్నాడు. ఆ న్యాయవాది చేసిన తెలివైన పని రెండు కోరికలను విడదీయడం. సొమ్ము వాపసు చేసే బాధ్యతను 18వ సెక్షన్ ప్రమోటరుపై, అంటే వెంచరు వేసి అమ్మే సంస్థపై పెట్టింది. అడ్వాన్సు నేరుగా ఆ సంస్థ ఖాతాకే చేరిందని, ఏజెంటుకు ముట్టినది కమీషన్ మాత్రమేనని బ్యాంకు వివరాలు, పద్దు పుస్తకాలు నిరూపించాయి. పద్దులు సక్రమంగా రాయాలన్న 10వ సెక్షన్ నిబంధనను చాదస్తంగా చూసే ఏజెంట్లు అనేకులు. ఈ ఏజెంటు మాత్రం వాటిని రాసిపెట్టడం వల్ల ఫిర్యాదులోని బరువైన సగం నుంచి బయటపడ్డాడు.

మిగిలిన సగం అంత తేలిక కాలేదు, ఎందుకంటే అది పూర్తిగా ఏజెంటు సొంత నడవడికి సంబంధించినది. నమోదు కాని ప్రాజెక్టులో అమ్మకానికి తోడ్పడరాదని, అనుమతుల గురించి నోటిమాటగా గాని రాతపూర్వకంగా గాని అసత్యం చెప్పరాదని, బుకింగు సమయంలో కొనుగోలుదారుకు అందవలసిన పత్రాలన్నీ అందేలా చూడాలని అదే 10వ సెక్షన్ శాసిస్తున్నది. “ఎల్‌పీ నంబరు వచ్చేసింది సార్, రెరా రేపో మాపో” అని ఏజెంటు పంపిన వాట్సాప్ సందేశాన్ని ఫిర్యాదుదారు దాఖలు చేశాడు. అందులో అబద్ధం లేదని, కొనుగోలుదారు తెలిసే కొన్నాడని న్యాయవాది వాదించాడు. అయితే ప్రాజెక్టుకు నమోదు లేదన్న సంగతి ఏజెంటుకు ఆ నాటికే తెలుసునని ఆ వాక్యమే చాటుతున్నది గనుక, వాదన తాను కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్లయింది.

విచారణలో 38వ సెక్షన్ ప్రకారం సహజ న్యాయ సూత్రాలు, అంటే ఆరోపణను ముందుగా తెలియజేసి, జవాబు విని, ఆపైనే నిర్ణయించాలన్న నియమాలు, వర్తిస్తాయి. వినకుండా నమోదును రద్దు చేయడానికి గాని, సస్పెండు చేయడానికి గాని వీలులేదని 9వ సెక్షన్‌లోని 7వ ఉపసెక్షన్ విడిగా కూడా చెబుతున్నది. రద్దుకు, సస్పెన్షనుకు నడుమ ఎంత దూరమో చట్టం కొలిచి చెప్పలేదు గనుక, పూర్వపు ఫిర్యాదులేవీ లేకపోవడం, పద్దులు దాచకపోవడం, విచారణకు సహకరించడం వంటివి అక్కడే అక్కరకు వస్తాయి. జరిమానా మాత్రం 62వ సెక్షన్ కింద ఉల్లంఘన కొనసాగిన ప్రతి రోజుకు 10,000 రూపాయలు. మొత్తం మీద అది అమ్మకానికి తోడ్పడిన ఆస్తి విలువలో 5 శాతం దాకా పోవచ్చు.

ఏజెంటుకు జరిమానాతో పాటు కొంతకాలం సస్పెన్షన్ పడింది. వాపసు బాధ్యత ప్రమోటరుకే మిగిలింది. ఉత్తర్వు ప్రతి అందిన నాటి నుంచి 60 రోజుల లోపల అప్పిలేట్ ట్రిబ్యునలుకు, అక్కడి నుంచి న్యాయ ప్రశ్నలపై హైకోర్టుకు వెళ్లే దారి ఉన్నది. అప్పీలు చేసే ప్రమోటరు జరిమానాలో కనీసం 30 శాతం ముందుగా జమ చేయాలని 43వ సెక్షన్ విధించగా, సుప్రీంకోర్టు 2021 నవంబరు 11న న్యూటెక్ ప్రమోటర్స్ కేసులో ఆ షరతును సమర్థించింది. ఆ నిబంధనలో ఏజెంటు పేరు లేదు. అయినా ఈ ఏజెంటు అప్పీలు చేయలేదు. ప్రాజెక్టు నమోదు కాకముందే ప్లాటు అమ్మించిన మాట వాస్తవం గనుక, ఆ ఉత్తర్వు న్యాయమైనదేనని ఈ పత్రం అభిప్రాయం.