ఒక్క రోజులో కోలారు: కొత్త దంపతులకు సూచనలు

హనీమూన్‌కని ఊటీ, మున్నార్ వెళ్లి డబ్బు తగలేసేవాళ్లను చూస్తే జాలేస్తుంది. చలి, పొగమంచు, ఉన్నది ఇద్దరే. రోజంతా ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చోవాలి. ఏరికోరి అంత ప్రమాదం కొనితెచ్చుకోవడం ఎందుకు? పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు సంబంధమైతే కోలారు జిల్లా పక్కనే ఉంది. పలమనేరు వైపునుంచి నంగలి చేరితే కర్ణాటక. భాషతో ఇబ్బంది లేదు, కన్నడ బోర్డుల కింద నిలబడి తెలుగు మాట్లాడేవాళ్లు అడుగడుగునా ఉంటారు. చీకటితో బయల్దేరితే రాత్రికల్లా ఎనిమిది గుళ్లు, ఒక బంగారు గని చుట్టేసి రావచ్చు. కింది సూచనలు తు.చ. తప్పకుండా పాటిస్తే పెళ్లయిన మొదటి వారంలో భార్యాభర్తలు మాట్లాడుకునే అవకాశం దాదాపు ఉండదు.

1. బండి పెద్దది మాట్లాడండి

కారైతే వెనక సీట్లో ఇద్దరూ పక్కపక్కన కూర్చునే వీలుంటుంది. కాబట్టి టెంపో ట్రావెలరే మేలు. అత్తామామలు, మేనత్త, ఆడబిడ్డ, ఆవిడ పిల్లలు, పెళ్లికి వచ్చి ఇంకా ఊరికి వెళ్లని బాబాయి అందరూ పడతారు. దారి చూపించాలని అబ్బాయిని డ్రైవరు పక్కన కూర్చోబెట్టండి. మేనత్తకు వాంతులవుతాయి కనుక నిమ్మకాయ వాసన చూపించే పని అమ్మాయికి అప్పగించి వెనక సీటుకు పంపండి.

2. ఒంటి మీద బరువు తగ్గించకండి

అమ్మాయికి పెళ్లినాటి పట్టుచీరే కట్టండి. కాలివేళ్లకు కొత్త మెట్టెలు ఇంకా ఒరుసుకుంటూనే ఉంటాయి. మధ్యాహ్నం కాగిన బండల మీద నడిచేటప్పుడు వెండి కూడా వేడెక్కి, వేలి పక్క చర్మం ఎర్రగా కందుతుంది. అప్పుడు ఆమె ఒక కాలు ఎత్తి రెండో కాలి మీద పెట్టుకుని నిలబడుతుంది. దాన్ని భక్తి అని అందరికీ చెప్పండి. అబ్బాయికి లేసులున్న బూట్లు తొడగండి. ఎనిమిది గుళ్ల దగ్గర విప్పడం, కట్టడం చేస్తుంటే పెళ్లాం వైపు చూడ్డానికి తీరిక ఉండదు.

3. కురుడుమలెతో మొదలు, దోసె దారిలో

శుభమా అని విఘ్నేశ్వరుడితో మొదలుపెట్టాలి. ముళబాగిలు దగ్గర కురుడుమలెలో పదమూడున్నర అడుగుల ఏకశిలా గణపతి ఉన్నాడు. త్రిమూర్తులే ప్రతిష్ఠించారని నమ్మకం. దండం పెట్టి వెంటనే బండెక్కండి. పక్కనే ఉన్న సోమేశ్వరాలయం వైపు మాత్రం పోనివ్వకండి. దాన్ని తండ్రి జక్కన సగం, కొడుకు డంకన సగం చెక్కారని చెబుతారు. ఇద్దరు మనుషులు కలిసి ఒక పని చేయడమెలాగో చూసి నేర్చుకుంటే మనకే నష్టం.

ముళబాగిలులో అర్జునుడు ప్రతిష్ఠించాడని చెప్పే ఆంజనేయుడికి ఓ ప్రదక్షిణ చాలు. ముళబాగిలు దోసెను పెనం మీదనుంచి దిగగానే కూర్చుని తినాలని ఊరంతా అంటుంది, వినకండి. పొట్లం కట్టించి నడుస్తున్న బండిలో పంచండి. వెన్న కాగితంలోంచి కారి అబ్బాయి పట్టుపంచె మీద పడుతుంది. మిగతా దారంతా మాట్లాడుకోవడానికి అందరికీ ఒక విషయం దొరుకుతుంది.

4. ఆవనిలో కోరిక పెద్దవాళ్లే కోరాలి

ఆవనిలో వాల్మీకి ఆశ్రమం ఉండేదని, లవకుశులు అక్కడే పుట్టారని స్థలపురాణం. కింద రామలింగేశ్వరుడు, లక్ష్మణ భరత శత్రుఘ్నుల పేర్లతో వెలసిన లింగాలు. కొండమీద సీతమ్మ గుడి. సంతానం కోసం ఆమెకు మొక్కుకుంటారు. పెళ్లయి వారం కాకపోయినా ఫరవాలేదు, కోడలి తరఫున అత్తగారే గట్టిగా, నలుగురికీ వినబడేలా మొక్కుకోవచ్చు. నిండు చూలాలిని అడవికి పంపిన మొగుడి సంగతి మాత్రం అక్కడ ఎత్తకండి. కొత్తకోడళ్లు ఆ కథను మరీ శ్రద్ధగా వింటారు.

5. కోలారులో అద్దంతో జాగ్రత్త

కోలారమ్మ గుడిలో అమ్మవారిని ఎదురుగా ఉన్న అద్దంలో చూడటం ఆనవాయితీ. ఇక్కడే అసలు చిక్కు. అమ్మవారి కోసం చూస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి ముఖం కూడా కనబడవచ్చు. కుంకుమ చెదిరి, అలసిపోయి, ఎవరూ చూడటం లేదనుకుని తనలో తాను నవ్వుకుంటున్న ముఖం. పెళ్లి ఆల్బంలో ఎక్కడా దొరకనిది. అలా కనబడితే అబ్బాయి వెంటనే తల తిప్పుకుని తేళ్ల దేవత చేళమ్మ దగ్గరికి వెళ్లిపోవాలి. అక్కడ నేలలోకి తవ్విన హుండీలో కానుక వేస్తే తేలుకాటు భయముండదంటారు. కట్టుకున్నదాన్ని చూసి మనసు పడే ప్రమాదానికి మాత్రం అక్కడ మొక్కు లేదు.

ఈ ఊళ్లోనూ ఉన్న సోమేశ్వరాలయంలో విజయనగర కాలపు కల్యాణమంటపం చల్లగా ఉంటుంది. స్తంభాల శిల్పం చూస్తూ గంటైనా కూర్చోవచ్చు. కూర్చోనివ్వకండి. పెళ్లి అయిపోయిందిగా, ఇంకా మంటపంతో పనేమిటి?

6. అంతరగంగ ఎండలోనే ఎక్కించాలి

మధ్యాహ్నం చాలా గుళ్ల తలుపులు మూసేస్తారు. ఆ సమయం వృథా కాకుండా శతశృంగ పర్వతం ఎక్కించండి. వందల మెట్లు. పైన రాతి బసవడి నోట్లోంచి ఏడాది పొడుగునా నీరు వస్తూనే ఉంటుంది. అరటిపళ్ల సంచి అమ్మాయి చేతికివ్వండి. కోతులు ఆ సంచి ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వెంటే పడతాయి. అబ్బాయి పరిగెత్తుకొచ్చి సంచి అందుకుంటే “అప్పుడే పెళ్లాం కొంగు పట్టుకున్నాడు” అని బాబాయి అనడానికి వీలుగా ఉంటుంది.

7. గని దగ్గర పది నిమిషాలు

కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఆగేది ఫొటో కోసమే. 2018లో అదే పేరుతో వచ్చిన సినిమా అందరూ చూశారు కనుక బూడిదరంగు సైనైడ్ దిబ్బల ముందు అబ్బాయిని గడ్డం లేని హీరో యశ్‌లా నిలబెట్టండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిందని, శివనసముద్రం నుంచి 1902లోనే ఇక్కడికి కరెంటు వచ్చిందని, చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతని ఎవరైనా చెప్పబోతే వాచీ చూసుకోండి. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. అక్కడివాళ్లు ఎందరో ఇప్పుడు చీకటితోనే రైలెక్కి బెంగళూరు పనికి పోయి రాత్రికి తిరిగొస్తారు. అంత తిరిగీ ఇంట్లోవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడాలని చూస్తారు. మన ప్రయాణానికి వాళ్ల ఆదర్శం పనికిరాదు.

ఒక్క లెక్క మాత్రం గుర్తుంచుకోండి. గని చివరి రోజుల్లో టన్ను ఖనిజం పిండిచేస్తే దొరికే బంగారం కొద్ది గ్రాములే. మనమూ పగలంతా రాళ్లు మోసినట్టు తిరిగాం. రాత్రికి ఆ జంట మధ్య రెండు మాటలకు మించి దొరకకూడదు.

8. కోటి లింగాలు, ఆరు రంధ్రాలు

కమ్మసంద్రలో 1980లో మొదలైన కోటిలింగేశ్వరంలో 108 అడుగుల లింగం, ఎదురుగా 35 అడుగుల నంది. చుట్టూ వరసలు వరసలుగా చిన్న లింగాలు. భక్తులు తమ పేరిట ఒకటి ప్రతిష్ఠించుకోవచ్చు. కొత్త జంట పేరున పెట్టిద్దామని ఎవరైనా అంటే, ముందు తాతగారి పేరా, ఇంటిపేరు ఎవరిది రాయాలి అన్న చర్చ లేవదీయండి. చీకటి పడేవరకూ తెగదు.

చివరికి గుట్టహళ్లి బంగారు తిరుపతి. స్వామిని ఆరు రంధ్రాల కిటికీలోంచి చూడాలి. పెద్దవాళ్లు ముందు చూస్తారు, తర్వాత పిల్లలు. వెంకన్న ఒక గుట్ట మీద, పద్మావతమ్మ ఇంకో గుట్ట మీద. బండిలో సీట్లు విడివిడిగా ఎందుకు వేశారని అమ్మాయి అడిగితే ఈ ఉదాహరణ చూపించండి.

9. మర్నాడు

అర్ధరాత్రి ఇల్లు చేరాక ఇద్దరినీ ఒక గదిలో వదలక తప్పదు. కంగారు పడకండి, చెప్పులు విప్పేలోపే నిద్రపోతారు. తెల్లవారుజామున మూడింటికి లేపండి. కాణిపాకం, బోయకొండ ఇంకా మిగిలే ఉన్నాయి. “నాకు కాళ్లు నొప్పులు, ఈ పూట ఇంట్లోనే ఉంటాను” అని అమ్మాయి అంటే ఉండనివ్వండి. ఆ వెంటనే అబ్బాయి “నాకూ నొప్పులే” అన్నాడంటే మాత్రం పైన చెప్పినవాటిలో ఏదో ఒకటి మీరు సరిగ్గా పాటించలేదన్నమాట. అద్దం దగ్గరే ఏమరి ఉంటారు.